తండ్రి తరం లేని వారసత్వం: నల్లజాతి గే సినిమాలు గతాన్ని ఎలా కట్టుకున్నాయి

రిచర్డ్ బ్రూస్ న్యూజెంట్ 1906లో వాషింగ్టన్‌లో పుట్టి, 1987 మే నెలలో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో చనిపోయాడు. ఎనభై ఏళ్ళు బతికాడు. జోసెఫ్ బీమ్ 1988 డిసెంబర్‌లో, ముప్పై నాలుగు నిండడానికి మూడు రోజుల ముందు పోయాడు. మార్లన్ రిగ్స్ 1994లో 37 ఏళ్ళకి, ఎసెక్స్ హెంప్‌హిల్ 1995లో 38 ఏళ్ళకి పోయారు. న్యూజెంట్ 1920లలో న్యూయార్క్ నల్లజాతి పేట హార్లెంలో రాసిన రచయిత, చిత్రకారుడు. తక్కిన ముగ్గురూ 1980లలో పైకొచ్చినవాళ్ళు: ఒకరు సంపాదకుడు, ఒకరు దర్శకుడు, ఒకరు కవి. ఆ ముగ్గురినీ ఎయిడ్స్ తీసుకుపోయింది. ప్రాణాలు నిలబెట్టే మందుల కలయిక 1996లో అందుబాటులోకి వచ్చింది. హెంప్‌హిల్ దానికి కొద్ది నెలల ముందే పోయాడు.

అంటే తాత ఉన్నాడు, మనవడు ఉన్నాడు, మధ్యలో తండ్రి తరం ఊడ్చుకుపోయింది. నల్లజాతి గే కళాకారుల మీద వచ్చిన ఇండిపెండెంట్ సినిమాలు చూసేటప్పుడు ఈ లెక్క దగ్గర పెట్టుకుంటే, మామూలుగా 'ప్రయోగం' అని దాటేసే చాలా విషయాలకు కారణం దొరుకుతుంది. అందులో కాలాలు ఎందుకు కలిసిపోతాయి, చచ్చిపోయినవాళ్ళు ఎందుకు నడిచొస్తారు, లేని మనిషికి ఫొటోలు ఎందుకు తయారవుతాయి అన్నవి ఒట్టి శైలికి సంబంధించిన ప్రశ్నలు కావు. చెప్పాల్సినవాళ్ళు లేనప్పుడు, చూపాల్సిన కాగితాలు కాలిపోయో, ఎవరి అధీనంలోనో ఉన్నప్పుడు గతాన్ని తెరమీదికి ఎలా తేవాలి అన్న పని సమస్యకు దొరికిన జవాబులు అవి.

మామూలుగా వారసత్వం ఇంట్లో చేతులు మారుతుంది. నల్లజాతి ఇళ్ళలో బానిసత్వ కాలపు కథలూ చర్చి పాటలూ పౌరహక్కుల పోరాటపు జ్ఞాపకాలూ అలాగే వచ్చాయి. గే కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆ గొలుసు తెగుతుంది. ఇంట్లో చెప్పేవాళ్ళుండరు. ఒక్కోసారి ఇల్లే ఉండదు. తెల్లవాళ్ళ గే ఉద్యమం రాసుకున్న చరిత్రలో అతని రంగుకు చోటు తక్కువ. నల్లజాతి పెద్దలు రాసుకున్న చరిత్రలో అతని ప్రేమకు చోటు లేదు. కాబట్టి అతనికి పూర్వీకులు ఇంటి బయట, ముక్కూ మొహం తెలియనివాళ్ళలోనే దొరకాలి.

న్యూజెంట్ అలాంటి పూర్వీకుడు. 1926 నవంబర్‌లో వాలెస్ థర్మన్ సంపాదకత్వంలో 'ఫైర్!!' అనే పత్రిక వచ్చింది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్, రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్, చిత్రకారుడు ఆరన్ డగ్లస్, కవయిత్రి గ్వెండొలిన్ బెనెట్, న్యూజెంట్ అందులో భాగస్వాములు. హర్‌స్టన్ తప్ప అందరూ ఇరవైలలో ఉన్న కుర్రకారు. హార్లెంలో పడమటి 136వ వీధి, 267 నంబరు ఇల్లు వీళ్ళ అడ్డా. జాతి పరువు పెంచే సాహిత్యం కావాలంటున్న పెద్దలను ఉడికించడం వీళ్ళ ఉద్దేశాల్లో ఒకటి. పత్రికను నిషేధింపజేసేంత ఘాటైన విషయాలు రెండు ఉండాలని, వేశ్య గురించి ఎవరు రాయాలో, మగవాడి మీద మగవాడి ప్రేమ గురించి ఎవరు రాయాలో తేల్చడానికి తానూ థర్మనూ నాణెం ఎగరేశామని న్యూజెంట్ తర్వాతి కాలంలో చెప్పేవాడు. రెండోది అతని వాటాకి వచ్చింది. ఆ కథ పేరు 'స్మోక్, లిలీస్ అండ్ జేడ్'. పందొమ్మిదేళ్ళ అలెక్స్ అనే కళాకారుడు సిగరెట్టు పొగలో తేలుతూ, బ్యూటీ అని తాను పేరు పెట్టుకున్న మగవాడి గురించి ఆలోచిస్తుంటాడు. కథ నిండా వాక్యాల మధ్య చుక్కలే. ఇంటిపేరు బయటపడకుండా 'రిచర్డ్ బ్రూస్' అని మాత్రం సంతకం చేశాడు.

పత్రిక వెల ఒక డాలరు, అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. ఒక్క సంచికతోనే ఆగిపోయింది. అమ్ముడుపోని ప్రతుల కట్టలు భద్రపరిచిన నేలమాళిగలో అగ్గి అంటుకుని ఎక్కువ భాగం కాలిపోయాయి. అచ్చు అప్పు థర్మన్ మెడకు చుట్టుకుంది, ఏళ్ళ తరబడి అతని జీతంలోంచి కోత పడింది. 1934లో 32 ఏళ్ళకే అతనూ పోయాడు. 1982లో థామస్ వర్త్ ఆ సంచికను ఉన్నదున్నట్టుగా మళ్ళీ అచ్చు వేసేదాకా 'ఫైర్!!' గురించి మాట్లాడినవాళ్ళ కంటే చూసినవాళ్ళు తక్కువ. న్యూజెంట్ రచనలు ఒక పుస్తకంగా రావడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది.

రోడ్నీ ఎవాన్స్ తీసిన 'బ్రదర్ టు బ్రదర్' 2004లో సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి తెచ్చుకుంది. కథ చిన్నదే. పెర్రీ అనే చిత్రకళ విద్యార్థిని (ఆంథొనీ మాకీ) గే అని తెలిసి ఇంట్లోవాళ్ళు వెళ్ళగొడతారు. నిలువ నీడ లేనివాళ్ళ వసతి గృహంలో పనిచేస్తుండగా అక్కడ ఒక ముసలాయన (రోజర్ రాబిన్సన్) తగులుతాడు. ఆయనే బ్రూస్ న్యూజెంట్. ముసలాయన కుర్రాడిని పాత ఇంటికి తీసుకెళ్తాడు, 1920ల హార్లెం నలుపు తెలుపులో తెరుచుకుంటుంది. వర్తమానం మాత్రం రంగుల్లో నడుస్తుంది.

తేదీలు చూసుకుంటే ఇది జరగడానికి వీల్లేదు. సినిమా సన్‌డాన్స్‌కి వచ్చిన నాటికి న్యూజెంట్ పోయి పదహారేళ్ళు దాటింది, ఉండి ఉంటే 97 ఏళ్ళు. ఎవాన్స్ ఆ ఇబ్బందిని కథలో ఎక్కడా సర్దిచెప్పడు. కలా కాదు, దెయ్యమూ కాదు, ముసలాయన మామూలుగా బస్తీలో తిరుగుతుంటాడు, అంతే. దీన్ని లోపమన్నవాళ్ళు కథను న్యూజెంట్ బతికున్న 1986లో పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాలి. మొదటిది ఖర్చు. 1920ల దుస్తులూ గదులూ కార్లూ ఒకసారి, 1980లవి మరోసారి, అంటే రెండు గత కాలాలు కట్టాలి. చిన్న బడ్జెట్‌లో ఒక కాలం కట్టడమే కష్టం. అందుకే ఇలాంటి సినిమాల్లో గతం ఎక్కువగా నాలుగు గోడల మధ్యే జరుగుతుంది. వీధి చూపిస్తే ప్రతి కిటికీ, ప్రతి దీపస్తంభం దారి తప్పిన సాక్షే. రెండోది ఇంకా ముఖ్యం. 1986లో పెర్రీ ఉంటే అతని చుట్టూ బీమ్, హెంప్‌హిల్ లాంటి అన్నలు ఉండేవాళ్ళు, పుస్తకాలు తెస్తూ, కవితలు చదువుతూ. ముసలాయన దాకా వెళ్ళాల్సిన అవసరమే పడేది కాదు. 2000ల తొలినాళ్ళలో పెర్రీకి అన్నల తరం లేదు. ఆ ఖాళీని సినిమా మాటల్లో చెప్పదు. తాతను చావు నుంచి వెనక్కి పిలవడంలోనే అది తెలిసిపోతుంది. పేరు కూడా ఆ అన్నల నుంచి వచ్చిన మాటే: బీమ్ మొదలుపెట్టి, అతను పోయాక హెంప్‌హిల్ పూర్తిచేసిన 1991 సంకలనం పేరు 'బ్రదర్ టు బ్రదర్'. ఆ పని ముగించడానికి హెంప్‌హిల్ ఫిలడెల్ఫియాలో బీమ్ తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నాడు, బీమ్ తల్లి డొరొతీ అందులో చెయ్యి వేసింది. వెళ్ళగొట్టే ఇళ్ళ మధ్య అలాంటి ఇల్లూ ఒకటుందని గుర్తుపెట్టుకోవాలి.

సినిమా బలహీనత మరోచోట ఉంది. నలుపు తెలుపు భాగాల్లో హర్‌స్టన్, హ్యూస్, థర్మన్ గదిలోకి వచ్చిన ప్రతిసారీ పేర్లు చెప్పి పరిచయం చెయ్యాల్సి వస్తుంది, వాళ్ళ వాదాలు కూడా పాఠ్యపుస్తకం పేరాల్లా వినిపిస్తాయి. ఇది ఎవాన్స్ ఒక్కడి తప్పు కాదు, ఈ కోవలో తరచూ పడే గొయ్యి. ప్రేక్షకుడికి ఆ పేర్లు తెలుసన్న భరోసా లేనప్పుడు స్క్రిప్టు బోధన మొదలుపెడుతుంది, బోధన మొదలవగానే మనుషులు బొమ్మలవుతారు. వర్తమానంలో రాబిన్సన్ మొహం మీద నిలిచే కెమెరా మాత్రం ఏమీ బోధించకుండా ఎక్కువ చెబుతుంది. కుర్రాడు ప్రశ్న అడిగాక ముసలాయన వెంటనే జవాబివ్వడు. ఎంత చెప్పాలో తూచుకునే ఆ విరామాలే ఈ సినిమాలో అసలు సంపద.

నిజమైన న్యూజెంట్‌ను చూడాలనుకున్నవాళ్ళకి 1984 నాటి 'బిఫోర్ స్టోన్‌వాల్' డాక్యుమెంటరీ ఉంది. అందులో ఆయన స్వయంగా కనిపించి మాట్లాడతాడు. రాబిన్సన్ నటనను ఆ కొన్ని నిమిషాల పక్కన పెట్టి చూస్తే, అనుకరణకు పోకుండా ఎక్కడెక్కడ తన దారి పట్టాడో తెలుస్తుంది.

ఎవాన్స్ కంటే పదిహేనేళ్ళ ముందే ఒక లండన్ కుర్రాడు ఈ సమస్యను పూర్తిగా వేరే దారిలో ఎదుర్కొన్నాడు. ఐజక్ జులియన్ 1960లో లండన్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు కరీబియన్ దీవి సెయింట్ లూసియా నుంచి వలస వచ్చినవాళ్ళు. 1983లో మార్టినా అటిల్, మౌరీన్ బ్లాక్‌వుడ్, నడీన్ మార్ష్-ఎడ్వర్డ్స్, రాబర్ట్ క్రూజ్‌తో కలిసి 'సంకోఫా' అనే సినిమా సంఘం పెట్టాడు. 1982లో మొదలైన టీవీ సంస్థ ఛానల్ 4 అలాంటి చిన్న సంఘాలకు తోడ్పడింది, అందుకే ఆ దశకం బ్రిటన్‌లో ఇంత సాహసం సాధ్యమైంది. 1989లో వచ్చిన 'లుకింగ్ ఫర్ లాంగ్‌స్టన్' ముప్పావు గంట నిడివి, 16 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్ము, ఛాయాగ్రహణం నీనా కెల్‌గ్రెన్.

ఆ ఫిల్ము అంటే ఎంత క్రమశిక్షణో లెక్కలో చూస్తే అర్థమవుతుంది. 16 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది. 400 అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. పూర్తయిన 45 నిమిషాలకు 1,620 అడుగులు కావాలి. పదింతలు తీసి ఒక వంతు వాడుకుంటారనుకుంటే నలభై రీళ్ళు దాటతాయి. రీలు, కడగడం, ప్రింటు, అన్నిటికీ డబ్బే. కాబట్టి ఇలాంటి సినిమాల్లో చాలా షాట్లు ముందే గీసుకున్న బొమ్మల్లా ఉంటాయి: కదలని మనుషులు, జాగ్రత్తగా పడిన వెలుగు, మెల్లగా జరిగే కెమెరా. జులియన్ ఆ కట్టుబాటునే అందంగా మార్చుకున్నాడు. హార్లెం స్టూడియో ఫొటోగ్రాఫర్ జేమ్స్ వాన్ డెర్ జీ తీసిన ఫొటోల ఒద్దిక ఆ తెరమీద ఉంటుంది.

సినిమా మొదట్లోనే శవపేటిక చుట్టూ నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. శవపేటికలో పడుకున్నది దర్శకుడే. హ్యూస్ 1967లో పోయాడు, నవలాకారుడు జేమ్స్ బాల్డ్‌విన్ 1987 డిసెంబర్‌లో పోయాడు, సినిమా బాల్డ్‌విన్ జ్ఞాపకానికి అంకితం. ఆ మరణాల వరసలో తన శరీరాన్ని పడుకోబెట్టడం ఎయిడ్స్ ఏళ్ళలో ఒక గే దర్శకుడు చేసిన పని కాబట్టి దాన్ని ఒట్టి చమత్కారంగా చూడలేం. ఆ తర్వాత పాతాళంలాంటి క్లబ్బు, టక్సీడో కోట్లలో మగవాళ్ళ జంట నాట్యాలు. ప్రధాన పాత్రలకు అలెక్స్, బ్యూటీ అని పేర్లు, అంటే న్యూజెంట్ కథలోంచి నేరుగా దిగొచ్చినవాళ్ళు. కవిత్వం ఎక్కువగా హెంప్‌హిల్‌ది. చివర్లో లాఠీలు పట్టుకుని పోలీసులూ గూండాలూ క్లబ్బు మీదికి వస్తుంటే, 1920ల దుస్తుల్లో ఉన్నవాళ్ళు 1980ల క్లబ్బుల్లో మోగిన హౌస్ సంగీతానికి గంతులేస్తుంటారు. తలుపు బద్దలు కొట్టి లోపలికి వచ్చేసరికి గది ఖాళీ.

తెల్లవాళ్ళ చూపు మీద కూడా ఆ సినిమాకి నిర్మొహమాటమైన దృశ్యం ఉంది. ఒక తెల్ల మగవాడు గదిలో నల్లవాళ్ళ నగ్న ఫొటోల మధ్య నడుస్తాడు, అవి తెల్ల ఫొటోగ్రాఫర్ రాబర్ట్ మేపుల్‌థార్ప్ తీసినవి. వెనక హెంప్‌హిల్ కవిత సాగుతుంది. పోషకుడు, కొనుక్కునేవాడు, కోరుకునేవాడు ఒకే మనిషైతే కళాకారుడి పరిస్థితేమిటి? 1926లో హార్లెంను పీడించిన ఈ ప్రశ్న 1989కీ పాతబడలేదు.

ఇంతకీ హ్యూస్ గే అని సినిమా తీర్పు చెప్పిందా? చెప్పలేదు. మొదట్లో వచ్చే అక్షరాల పలక దీన్ని హ్యూస్ మీద, 1920ల నల్లజాతి కళా వికాసమైన హార్లెం పునరుజ్జీవనం మీద ఒక ధ్యానంగా మాత్రమే పేర్కొంటుంది. హ్యూస్ తన ప్రేమల గురించి జీవితాంతం నోరు విప్పలేదు. రెండు సంపుటాల జీవితచరిత్ర రాసిన ఆర్నల్డ్ రాంపర్సాడ్ కూడా తేల్చి చెప్పే ఆధారం దొరకలేదన్నాడు. వెతుకులాటనే పేరుగా పెట్టుకున్న సినిమా అక్కడితో ఆగడం నిజాయితీ. అయినా హ్యూస్ రచనల హక్కులు చూసుకునే ఎస్టేట్ ఒప్పుకోలేదు. కవితల హక్కుల పేరుతో అభ్యంతరం పెట్టింది. 1989 న్యూయార్క్ చిత్రోత్సవంలో హ్యూస్ కవితలు వచ్చే చోట శబ్దం తగ్గించి వెయ్యాల్సి వచ్చింది. కవి మౌనాన్ని గురించిన సినిమాలో కవి గొంతు నిజంగానే మూగబోయింది.

తెలుగులో హ్యూస్‌ను ఎక్కువగా నిరసన కవిగా, దళిత కవిత్వానికి దూరపు చుట్టంగా చదువుకున్నాం. ఆ చదువు తప్పేమీ కాదు. కానీ అతను తిరిగిన గదుల్లో న్యూజెంట్ లాంటివాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి ఆ అనువాదాల వెంట మన దాకా పెద్దగా రాలేదు.

హక్కుల గొడవ ఈ కోవ సినిమాలకి మూలుగుతున్న నక్క మీద తాటికాయ లాంటిది కాబట్టి కాస్త వివరంగా చూడాలి. 1926లో అచ్చయిన హ్యూస్ కవితలకు, 1989 నాటి అమెరికా చట్టం ప్రకారం హక్కు పొడిగించుకుని ఉంటే, 75 ఏళ్ళ రక్షణ, అంటే 2001 చివరిదాకా. 1998లో కాంగ్రెస్ దానికి ఇంకో ఇరవై ఏళ్ళు కలిపింది. అలా ఆ ఏడాది రచనలు 2022 జనవరి 1న గానీ అమెరికాలో అందరివీ కాలేదు. అప్పటిదాకా సినిమాలో కవిత చదవాలంటే వారసుల అనుమతి తప్పేది కాదు, వారసులకి నచ్చని కోణంలో చదవాలంటే అనుమతి వచ్చేది కాదు. ఇప్పుడు అమెరికాలో తీసేవాళ్ళు 1926 నాటి కవితలను అడగకుండా వాడుకోవచ్చు. అయితే అదే కవితను తర్వాత ఎవరో చదివి రికార్డు చేసిన శబ్దానికి హక్కు వేరు, అచ్చుకాని ఉత్తరాలకు లెక్క వేరు. పాటలైతే రెండు అనుమతులు కావాలి: బాణీకీ సాహిత్యానికీ ఒకటి, ఆ రికార్డుకు మరొకటి. చేతిలో డబ్బు లేని దర్శకులు ఉత్సవాల వరకే, ఒకటి రెండేళ్ళకే హక్కు కొంటారు. ఆ గడువు తీరాక డిస్కు వెయ్యాలన్నా, స్ట్రీమింగుకు ఇవ్వాలన్నా మళ్ళీ మొదటి నుంచి బేరం. బహుమతులు తెచ్చుకున్న సినిమాలు పదేళ్ళకే ఎక్కడా దొరక్కుండా పోయేది చాలాసార్లు ఇందుకే.

మార్లన్ రిగ్స్ ఈ చిక్కులో ఎక్కువ భాగాన్ని పక్కన పెట్టేశాడు. ఎవరి ఎస్టేటునూ అడగక్కర్లేని వనరు అతని దగ్గరుంది: తన ఒళ్ళు, తన స్నేహితుల గొంతులు. 1989లోనే వచ్చిన 'టంగ్స్ అన్‌టైడ్' నిడివి 55 నిమిషాలు, ఫిల్ము కాదు, వీడియో. చీకటి తెర మీద 'బ్రదర్ టు బ్రదర్' అన్న జపం ఒక గొంతుతో మొదలై గుంపుగా పెరుగుతుంది. హెంప్‌హిల్ కవితలు, జార్జియాలో గడిచిన బాల్యంలో విన్న తిట్లు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో పేటలో గే ప్రపంచమంతా తెల్లగా కనిపించిన అనుభవం, చిటికెలతో మాట్లాడుకునే భాష మీద సరదా పాఠం, అన్నీ వరసగా వస్తాయి. పౌరహక్కుల ఊరేగింపు పాత దృశ్యాలు నల్ల గేల ఊరేగింపులోకి కరుగుతాయి. చివర్లో ఎయిడ్స్‌తో పోయిన స్నేహితుల ఫొటోలు గుండె చప్పుడు మీద ఒకటొకటిగా మారుతుంటాయి. సినిమా ముగింపు నినాదం, నల్ల మగవాళ్ళు నల్ల మగవాళ్ళను ప్రేమించడమే విప్లవం అన్నది, బీమ్ రచనల్లోంచి వచ్చింది.

దాని మీద రెండు అభ్యంతరాలు మొదటి నుంచీ ఉన్నాయి, రెండూ బరువైనవే. రిగ్స్ జీవిత భాగస్వామి తెల్లవాడు, ఆ సంగతి నినాదంలో కనపడదు. ఆడవాళ్ళు దాదాపు లేరు. రెండోదానికి జవాబు ఏడేళ్ళ తర్వాత ఒక ఆడదర్శకురాలి దగ్గర్నుంచి వచ్చింది, ఆ సంగతి కింద చూద్దాం.

బయటి దాడి వేరే రకం. ప్రభుత్వ కళా నిధి నుంచి ప్రాంతీయ సంస్థ ద్వారా రిగ్స్‌కి అందింది 5,000 డాలర్లు. 1991 జులైలో అమెరికా ప్రజా టీవీ సంస్థ పీబీఎస్ 'పీఓవీ' అనే డాక్యుమెంటరీల వరసలో దీన్ని ప్రసారం చెయ్యబోతే చాలా స్టేషన్లు వెయ్యబోమన్నాయి. 1992లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి కోసం జరిగిన పోటీలో పాట్ బుకానన్ దీని ముక్కలు కోసి, జార్జ్ బుష్ ప్రభుత్వం ఇలాంటివాటికి పన్నుల డబ్బు పెడుతోందంటూ టీవీ ప్రకటన వేశాడు. 55 నిమిషాల సినిమాను కొన్ని సెకన్లలో చూసిన ఓటర్లే ఎక్కువమంది అయి ఉంటారు.

వీడియో చవక, చేతిలో ఇమిడేది, ఒంటరిగా ఎడిట్ చేసుకోగలిగేది. రిగ్స్ లాంటివాడికి అదే ఆయుధం. కానీ ముప్పై ఏళ్ళు గడిచాక దాని లోటు బయటపడుతుంది. అమెరికా పాత టీవీ వీడియోలో తెరమీద కనపడే గీతలు సుమారు 480, ఎంత శుభ్రం చేసినా అంతకు మించిన వివరం లేదు. 16 మిల్లీమీటర్ల నెగటివ్ అయితే చల్లగా పొడిగా దాచి ఉంచితే ఈ రోజు కూడా స్కాన్ చేసి అప్పటి ప్రింటు కంటే మెరుగైన బొమ్మ తియ్యొచ్చు. ఆ కాలపు మాగ్నెటిక్ టేపుల్లో కొన్నిటికి జిగురు పొర తేమ పీల్చి అంటుకుపోతుంది. అప్పుడు సుమారు 50 డిగ్రీల వెచ్చదనంలో గంటల తరబడి ఉంచి, ఆ తర్వాత దొరికే కొద్ది సమయంలో కాపీ చేసుకోవాలి. తొందరపడి నేరుగా ప్లేయర్లో పెడితే బొమ్మతో సహా పూత ఊడిపోతుంది. రిగ్స్ పని దక్కడానికి పెద్ద కారణం అతను పోకముందే పెట్టుకున్న లాభాపేక్ష లేని సంస్థ 'సిగ్నిఫైయిన్ వర్క్స్'. టేపులూ హక్కులూ ఒకచోట ఉండబట్టి 2021లో సినిమాలను డిస్కుల మీద తెచ్చే క్రైటీరియన్ సంస్థ అతని సినిమాలన్నీ ఒక పెట్టెగా తేగలిగింది. 2022లో 'టంగ్స్ అన్‌టైడ్' అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో చేరింది. పన్నుల డబ్బు గొడవ జరిగిన ముప్పై ఏళ్ళకి అదే ప్రభుత్వం దాన్ని భద్రపరచాల్సిన జాతి సొత్తుగా గుర్తించింది.

అతని చివరి సినిమా 'బ్లాక్ ఈజ్... బ్లాక్ ఎయింట్'. ఆసుపత్రి మంచం మీంచే రిగ్స్ దీనికి సూచనలిస్తూ కనపడతాడు. మధ్యలోనే పోయాడు, తోటివాళ్ళు అతని సూచనల ప్రకారం పూర్తి చేశారు. లూసియానా ఇళ్ళలో వండే గంబో కూర ఈ సినిమాకు కట్టు: అమ్మమ్మ వంట, అందులో ఏమేం పడతాయి, అన్నీ కలిసినా వేటి రుచి వాటికి ఎలా మిగులుతుంది అన్నదాంతో నల్లతనం మీద వాదన నడుస్తుంది. ఇక్కడ ఆడవాళ్ళ గొంతులు గట్టిగానే వినిపిస్తాయి. ఇంటి వారసత్వం, ఇంటి బయట దొరికిన వారసత్వం ఒకే సినిమాలో ఇంత దగ్గరగా ఇంకెక్కడా రాలేదు. మొదటిసారి చూసేవాళ్ళు 'టంగ్స్ అన్‌టైడ్' తర్వాత వెంటనే దీన్ని చూడటం మంచిది.

షెరిల్ డన్యే 1996లో తీసిన 'ద వాటర్‌మెలన్ ఉమన్' గే మగవాళ్ళ గురించి కాదు, నల్ల లెస్బియన్ గురించి. అయినా ఈ వరసలోంచి దాన్ని తీసేస్తే వాదన కుంటుతుంది. ఫిలడెల్ఫియాలో వీడియో షాపులో పనిచేసే షెరిల్ (డన్యేనే) 1930ల సినిమాల్లో ఆయా వేషాలు వేసిన ఒక నల్ల నటి గురించి వెతుకుతుంటుంది. టైటిల్స్‌లో ఆ నటికి పేరు కూడా లేదు, 'వాటర్‌మెలన్ ఉమన్' అనే ఉంటుంది. అసలు పేరు ఫే రిచర్డ్స్ అని, ఆమె ఆడవాళ్ళను ప్రేమించిందని మెల్లగా బయటపడుతుంది. పాత ఫొటోలు, ఇంటి చిత్రాలు, ముడతలు పడిన అంచులు అన్నీ ఉంటాయి. ఆఖర్న తెరమీద పడే మాటలతో తెలుస్తుంది, ఫే రిచర్డ్స్ అనే మనిషే లేదని. డన్యే నిజంగానే పాత రికార్డుల్లో వెతికింది, తనకు కావలసినది దొరకలేదు. అప్పుడు ఫొటోగ్రాఫర్ జోయి లెనార్డ్‌తో కలిసి 78 నలుపు తెలుపు, 4 రంగుల ఫొటోలు తయారుచేయించింది. నటులకు ఆయా కాలాల దుస్తులు వేసి, ఆ కాలపు పద్ధతిలో తీసి, కాగితాన్ని పాతబరిచారు. దొంగ రికార్డు ప్రేక్షకుణ్ణి మోసం చెయ్యడానికి కాదు, అసలు రికార్డు ఉండాల్సిన చోట ఎంత ఖాళీ ఉందో చూపించడానికి. గొయ్యి లోతు తెలిసేది అది పూడ్చినప్పుడే. సినిమా బడ్జెట్ సుమారు మూడు లక్షల డాలర్లు, అందులో ప్రభుత్వ కళా నిధి ఇచ్చింది 31,500. దాని మీద కూడా కాంగ్రెస్‌లో గొడవ జరిగింది. ఆ వరస మామూలే అయిపోయింది. ఆడవాళ్ళ సంగతొచ్చేసరికి కాల్పనికత తప్పనిసరైందన్నది గమనించాల్సిన తేడా. మగవాళ్ళకి కనీసం కాలిపోగా మిగిలిన 'ఫైర్!!' ఉంది.

'మూన్‌లైట్' (2016) ఈ వరసలోకి పక్కదారిన వస్తుంది. మయామీ లిబర్టీ సిటీలో పెరిగిన కుర్రాడి మూడు వయసుల కథ అది, అందులో కళాకారులెవరూ లేరు. తండ్రిలా దగ్గరికి తీసి ఈత నేర్పిన హువాన్ మొదటి భాగం తర్వాత చనిపోయి ఉంటాడు, ఎలా పోయాడో సినిమా చెప్పదు. మధ్య తరం మాయం కావడం ఇక్కడ రెండు అధ్యాయాల మధ్య కోతలో జరిగిపోతుంది. ఉత్తమ చిత్రం ఆస్కార్ రావడంతో ఇలాంటి కథలకు డబ్బు పెట్టేవాళ్ళ ధైర్యం కొంత పెరిగింది, అంతవరకే.

అందులో పెద్దయిన కెవిన్‌గా వేసిన ఆండ్రే హాలండ్ 2022లో జులియన్ కొత్త పనిలో అలెన్ లాక్ అయ్యాడు. లాక్ (1885–1954) హార్లెం పునరుజ్జీవనానికి సిద్ధాంతకర్త. 1925 నాటి 'ద న్యూ నీగ్రో' సంకలన కర్త, న్యూజెంట్ తొలి కథను అందులో అచ్చు వేసినవాడు, తానూ గే. అతని అస్థికలు అరవై ఏళ్ళ తర్వాత, 2014లో గానీ వాషింగ్టన్ శ్మశానంలో నేలకు చేరలేదు. 'వన్స్ అగెయిన్... (స్టాచ్యూస్ నెవర్ డై)' అనే ఈ పనిని ఫిలడెల్ఫియాలోని బార్న్స్ ఫౌండేషన్ తన నూరేళ్ళ సందర్భంగా చేయించింది. లాక్‌కూ, ఆఫ్రికా శిల్పాలు పోగుచేసిన ఆల్బర్ట్ బార్న్స్‌కూ మధ్య, ఈ శిల్పాలు ఎవరి సొత్తు అన్న వాదన నడుస్తుంది. శిల్పి రిచ్‌మండ్ బార్తే కూడా వస్తాడు. మళ్ళీ నలుపు తెలుపే, మళ్ళీ మెల్లగా నడిచే మగవాళ్ళే. కాకపోతే 1989లో ఒక టీవీ ఛానల్ దగ్గర డబ్బు అడిగిన దర్శకుడికి ఇప్పుడు మ్యూజియం తలుపులు తెరుచుకున్నాయి. అందుకు వేరే ధర ఉంది. ఇది అయిదు తెరలకు కట్టిన పని, తెరల మధ్య నడుస్తూ చూడాలి. టీవీలో వెయ్యడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి, కాలేజీ ఫిల్మ్ క్లబ్బుకి తెచ్చుకోవడానికి కుదరదు. మ్యూజియం ఏర్పాటు చేసిన ఊళ్ళో ఆ నెలల్లో ఉన్నవాళ్ళే చూడగలరు.